రాగి మందారాల తెల్ల కేసరాలు

నేను చారు తినక నలభై ఏళ్లు కావస్తోంది. పులుపు పడదని చెబుతాను. ఇంట్లో వాళ్లు నమ్మారు, వైద్యుడు కూడా నమ్మాడు. నిజానికి పులుపు నాకు బాగానే పడుతుంది. చారు నోటి దగ్గరికి రాగానే నాలుక కింద రాగి రుచి పుడుతుంది, అంతే. దాన్ని కనరు అంటారు. కళాయి పోయిన రాగి గిన్నెలో పులుసు నిలవ ఉంటే ఎక్కే రుచి అది. స్టీలు గిన్నెలో కాచిన చారుకు కనరు ఎక్కదని నాకు తెలుసు. అయినా వస్తుంది.

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఆ రుచినే. మీకు చెప్పి దించుకోవాలని కూర్చున్నాను. దిగుతుందో లేదో తెలియదు.

తేదీ వేయకుండా కాగితం మీద ఒక్క ముక్క కూడా రాయని మనిషిని నేను. దీని మీద మాత్రం వేయడం లేదు. ఎనభైల నడుమ, ప్రాణహిత ఒడ్డున సిరోంచలో జరిగిందని చెబితే చాలు. పేర్లు మార్చాను. నా పేరు చెప్పను. తప్పు ఒప్పుకుంటూ పేరు దాచుకోవడమేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను.

మాకు కిరాణా దుకాణం ఉండేది. లెక్కలు నావి. దుకాణం లెక్కలే కాదు, వాడకట్టులో ఎవరి బిడ్డ ఏ నెలలో పుట్టింది, ఎవరి బర్రె ఎప్పుడు ఈనింది, ఎవరింటికి చుట్టాలు ఎన్ని పూటలు ఉన్నారు, అన్నీ నాకు గుర్తుండేవి. తగువు వస్తే నన్ను పిలిచేవాళ్లు. నేను ఒక మాట చెబితే అక్కడితో అయిపోయేది. అందుకే మా సంఘం వంటపాత్రలు కూడా మా ఇంట్లోనే పెట్టారు. పెళ్లిళ్లకూ దినాలకూ వండే రాగి డేగిసాలు రెండు. పెద్దది అన్నానికి, చిన్నది చారుకు. గరిటెలు, జల్లెళ్లు, మూతలు. నా దగ్గర ఉంటే మూత కూడా మారిపోదని అందరికీ ధీమా.

ఇంటి వెనుక చిన్న పెరడు. అందులో మందారాలు పెట్టాను. ఒక్క పువ్వూ దక్కేది కాదు. అడవిలోంచి కొండెంగలు దిగేవి. నల్ల మొహం, పొడుగు తోక, మనుషుల్లా గోడ మీద వరుసగా కూర్చుని ఒక్కో పువ్వునూ తెంపి నోట్లో వేసుకునేవి. అవి వదిలినవి ఎండకు మాడిపోయేవి. సిరోంచ ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఒక చలికాలంలో మా స్నానాల రాగి కాగు అడుగు చిల్లు పడింది. దాన్ని అమ్మేయబోయి ఆగాను. కొండెంగలు తినలేని పువ్వు, ఎండకు మాడని పువ్వు, దీనితో చేస్తే ఎలా ఉంటుంది? ఎవరూ నేర్పలేదు. రేకు కత్తెరతో కాగును తెరిచాను. మందార రేక ఒకటి కాగితం మీద పెట్టి గీసుకుని, ఆ గీత ప్రకారం రాగిని కత్తిరించాను. రాగి మొండిది. రెండు దెబ్బలు వేస్తే బిగుసుకుపోతుంది. బొగ్గుల్లో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ గుడ్డలా లొంగుతుంది. ప్రాణహిత ఒడ్డున ఏరుకొచ్చిన గుండ్రటి రాయితో, గుంత తొలిచిన మొద్దు మీద రేకలను కొట్టి వంపు తెచ్చాను. మేకు మొనతో ఈనెలు గీశాను. ఒక్కో పువ్వుకు ఐదు రేకలు. ఏ రేకా పక్కదానికంటే గోరంత పెద్దగా ఉండడానికి వీల్లేదు. ఉంటే విప్పి మళ్లీ మొదటి నుంచి కొట్టేదాన్ని. సంతోషంగానే కొట్టేదాన్ని. ఇప్పుడు తలచుకున్నా ఆ సంతోషం అబద్ధం కాదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

తొమ్మిది పువ్వులయ్యాయి. కేసరాలు లేవు. మందారానికి నడుమ నుంచి పొడుచుకొచ్చే కేసరం లేకపోతే అది మందారమెలా అవుతుంది? రేడియోలు బాగుచేసే అతని దగ్గర సీసం కలిసిన తీగ తెచ్చి కరిగించి ఒకటి పోశాను. వారానికే నల్లబడింది. తెల్లగా నిలిచేది కావాలి. తగరం కావాలి. గిన్నెలకు పూసే కళాయి.

అప్పుడే కళాయి సాయిబు వచ్చాడు. ఖాసిం అని పిలుద్దాం. ఏటా చలికాలంలో నది దాటి పడవలో వచ్చేవాడు. సంఘం డేగిసాలు రెండింటికీ మా వాకిట్లోనే కళాయి పెట్టాడు. పొయ్యి మీద డేగిసాను తిప్పుతూ నవాసారం పొడి చల్లి, తగరం కడ్డీని లోపల తాకించి, దూదితో ఒక్క చుట్టు తిప్పితే లోపలంతా వెన్నెల పరుచుకున్నట్టయ్యేది. ఒక కడ్డీ నాకు అమ్మమని అడిగాను.

"జర సబర్ చెయ్యమ్మా. ఉన్నది ఊళ్లోళ్లకే సాలది. వచ్చే ఏడు నీకోసమని అలగ్ తెస్త," అన్నాడు.

వచ్చే ఏడు. పువ్వులు వరుసగా నా కళ్ల ముందు కేసరాల్లేకుండా పడి ఉన్నాయి. ఏడాది ఆగలేనా? ఎవరైనా ఆగుతారు. నేను ఆగలేదు. ఒక మధ్యాహ్నం దుకాణంలో మా ఆయన ఉండగా, వెనుక గది తలుపు తీసి పెద్ద డేగిసాను పెరట్లోకి దొర్లించుకొచ్చాను. బొగ్గుల మీద కాచి, ఖాసిం చేసిన పనినే వెనక్కి చేశాను. కరిగిన తగరాన్ని దూదితో అడుగు నుంచీ పక్కల నుంచీ ఊడ్చుకుని బొట్టు బొట్టుగా మట్టి మూకుట్లోకి తీసుకున్నాను.

అప్పుడు కూడా లెక్క వేసుకున్నాను. పెద్ద డేగిసాలో వండేది అన్నమే. అన్నానికి పులుపు లేదు. కళాయి పలచబడినా ఏమీ కాదు. చారు కాచే చిన్నదాన్ని ముట్టుకోలేదు. ఊడ్చాక కూడా లోపల తెల్లటి పొర కనిపిస్తూనే ఉంది, చూసినవాళ్లకు తేడా తెలియదు. వచ్చే ఏడు ఖాసింతో నా ఖర్చుతో మళ్లీ పెట్టిస్తాను. ఎవరికీ నష్టం లేదు. చూశారా, ఎంత చక్కగా కుదిరిందో లెక్క.

కేసరాలు చిటికెన వేలంత లావున పోశాను. కొన మీద చిన్న చిన్న బొట్లు అద్దాను. ఎర్రటి రాగి నడుమ తెల్లటి కేసరం. ఇనుప చువ్వలకు తొడిగి పక్కింటి గోడ వెంట వరుసగా నాటాను. వాడకట్టు ఆడవాళ్లు చూడడానికి వచ్చారు. "ఇగ కొండెంగలు వీటిని కొరికితే పండ్లూడి ముసలోళ్ల లెక్క గటక తాగుతయ్," అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తగరం గురించి ఒక సంగతి నాకు కేసరం వంచుతున్నప్పుడు తెలిసింది. మంచి తగరాన్ని వంచితే చప్పుడు చేస్తుంది. లోపల ఏదో విరిగినట్టు, నూకలు పళ్ల కింద నలిగినట్టు, కిరకిరమంటుంది. పైకి పగులు కనిపించదు. వంచిన ప్రతిసారీ వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు కేసరాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వంచాను. ముచ్చట వేసింది.

ఇక పక్కింటి గురించి చెప్పాలి. ఇక్కడికి రావడానికే ఇంత చుట్టూ తిరిగాను.

గోడకు అవతల సమ్మక్క ఇల్లు. గోడ నా ఛాతీ దాకా వస్తుంది, అంతే. ఆమె నాకంటే చిన్నది, బామ్ని నుంచి కోడలుగా వచ్చింది. అత్త ముందే పోయింది. భర్త కలప పనికి అడవి క్యాంపుల్లో ఉండి నెలకోసారి వచ్చేవాడు. మామ రాయమల్లు ఆ ఎండాకాలం మంచాన పడ్డాడు. వసారాలో, మా గోడకు దగ్గరగా నులక మంచం. ఆయనను చూసుకోవడానికి సమ్మక్క ఒక్కతే. తునికాకు కాలం కాబట్టి కొన్ని రోజులు పొద్దున్నే ఆకు కోతకు పోయి ఎండెక్కాక వచ్చేది. జ్యేష్ఠంలో, వాన పడకముందే, రాయమల్లు పోయాడు.

పెద్ద దినం నాడు వంట వాళ్ల వాకిట్లోనే. డేగిసాలు నేనే పంపించాను, దగ్గర ఉండి చూసుకున్నాను. నదికి అవతలి చుట్టాలు అనుకున్నదానికంటే ఎక్కువమంది పడవల్లో దిగారు. వంట చేసే మల్లవ్వ నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, చారుకు చిన్నది ఎటూ సాలదు. అన్నం రెండు వాయిలు చిన్నదాంట్ల వండుకుంట. చారు పెద్దదాంట్ల పొయ్యాల్నా?"

నా దగ్గర మాట ఉంది. వద్దు అంటే చాలు. ఎందుకొద్దంటే ఏదో ఒకటి చెప్పవచ్చు. కానీ నేను ఏదో ఒకటి చెప్పే మనిషిని కాదని అందరికీ తెలుసు. కారణం అడుగుతారు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లలో సగం మంది నా పువ్వులను చూసినవాళ్లు. తెల్ల కేసరాలకు తగరం ఎక్కడిదని వాళ్లు అప్పటిదాకా అడగలేదు.

"పొయ్," అన్నాను.

అదే నా మొదటి తప్పు అనుకుంటారేమో. డేగిసాను ఊడ్చిందే మొదటిదా? అయితే ఇది రెండోదా? ఏది మొదటిదో నేనింకా తేల్చుకోలేదు. అసలు తప్పు మాత్రం తర్వాత వస్తుంది.

మా వైపు పెద్ద దినం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఒక ఆకులో వడ్డించి ముందు పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ అన్నం ముందు కూర్చోరు. ముట్టితే పోయినవాళ్లు తృప్తిగా పోయారని. ముట్టకపోతే వాళ్లకు ఏదో కొదవ ఉండిపోయిందని. రాయమల్లుకు చారన్నం ఇష్టం. ఆకులో అన్నం మీద చారు ధారగా పోసి గోడ మీద పెట్టారు.

కాకి వెంటనే వచ్చింది. అందరూ చూస్తున్నారు. అది ఒక మెతుకు పొడిచింది. తల విదిలించింది. ముక్కును ఆ పక్కా ఈ పక్కా గోడకు రుద్దుకుంది, కత్తి నూరినట్టు. ఎగిరిపోయింది. మరొకటి వచ్చి అదే పని చేసింది. తర్వాత అవి రావడం మానేశాయి. చింతచెట్టు మీద బారుగా కూర్చుని ఆకు వైపే చూస్తున్నాయి, ఒక్కటీ అరవడం లేదు. అన్ని కాకులు ఒక్కసారి నోరు మూసుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

రాయమల్లు కూతుళ్లిద్దరు, అంటే సమ్మక్క వదినెలు, గోడ దగ్గర చేరి తండ్రిని బతిమాలారు. "బాపూ, ఏం తక్వయింది? చెప్పు బాపూ. నీ కొడుకు ఉన్నడు, మేమున్నం." పిట్ట రాలేదు. కొడుకు మొక్కాడు. రాలేదు. చివరికి పెద్ద బిడ్డ సమ్మక్క వైపు తిరిగి, "నువ్వు రా. నువ్వే గద పెట్టినదానివి. నువ్వు అడుగు," అంది. సమ్మక్క వచ్చి చేతులు జోడించింది. ఆమె నోటి నుంచి మాట రాకముందే చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అది ఎందుకు జరిగిందో నాకు తెలియదు. మిగతా అన్నింటికీ నా దగ్గర కారణం ఉంది. దీనికి లేదు.

పొద్దు వాలుతోందని జనాన్ని కూర్చోబెట్టారు. చారు పోసుకుని తిన్నవాళ్లు తిన్నట్టే లేచి వాకిలి అవతలకు పరిగెత్తారు. పచ్చగా వాంతులు. పిల్లలు, పెద్దలు, పడవల్లో వచ్చిన చుట్టాలు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక పసిపిల్ల కొన్ని రోజులు పడకలో ఉంది. "నోరంత కనరు, కనరు," అని ఎవరో అన్నారు. ఆ మాట ఎవరైనా పట్టుకుంటారేమోనని పెద్ద డేగిసా మీద మూత వేసేశాను. ఎవరూ పట్టుకోలేదు. చలికాలంలో డేగిసాలకు కళాయి పెట్టడం అందరూ చూశారు. పైగా అవి ఉన్నది నా ఇంట్లో. పిట్ట ముట్టలేదు, తిన్నవాళ్లకు కడుపులో నిలవలేదు, ఇక కారణం వెతకడానికి గిన్నె దాకా ఎందుకు పోతారు?

"మా బాపును ఆకలితోని సంపింది. అందుకే ఆయన ఎవ్వల్నీ తిననిస్తలేడు," అని పెద్ద బిడ్డ అందరి ముందూ అనేసింది.

డేగిసాలు నేనే తోముకుంటానని ఇంటికి తెచ్చుకున్నాను. పెద్దదాని అడుగు ఎర్రగా తేలి ఉంది. ఆ వారమే దాన్ని గోనెలో కట్టి, సర్కారు ఎస్టీ బస్సు ఎక్కించుకుని, నాగేపల్లిలో అప్పుడు మకాం వేసిన మరో కళాయి మనిషి దగ్గరికి తీసుకుపోయాను. మా ఆయనకు అడుగు సొట్ట తీయించాలని చెప్పాను. తెల్లగా తిరిగొచ్చింది. ఇక ఎవరు చూసినా ఏమీ లేదు.

నెల గడిచింది. వాన కురిసి వెలిసిన ఒక పగలు సమ్మక్క గోడ దగ్గరికి వచ్చింది. నేను పెరట్లో ఉన్నాను. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"అక్కా, ఒకటడుగుత. కోపం జెయ్యవు గద?"

"అడుగు."

"నీకన్ని యాదుంటయ్. ఎవలింటికి ఎవలొచ్చిండ్రో గూడ చెప్తవ్. మామ మంచంల పడ్డకాడికెల్లి నువ్వు గీ గోడకాడనే పని చేసుకుంటవుంటివి. నేను ఆయనకు పెట్టిన్నా, పెట్టలేదా?"

"గదేం మాట? నీకెరుక లేదా?"

"ఎరుకనే అనుకున్న. ఇప్పుడైతే ఎరుక లేదక్కా. ఒదినెలు గట్లనంగనంగ నాకే అనుమానమొస్తున్నది. ఆకుకు పోయిన పొద్దులల్ల పెట్టిపోయిన్నో, మర్సిపోయిన్నో... పిట్ట ఊకెనే ముట్టకుంటదా? నువ్వు పెట్టినవంటే పెట్టినట్టే. ఊరంత ఒకదిక్కు, నీ మాట ఒకదిక్కు. నువ్వే చెప్పు."

ఆమె రెండు చేతులూ గోడ మీద పెట్టి నిలబడింది. గోళ్ల కింద తునికాకు మరక ఇంకా పోలేదు.

పెట్టావు, నేను చూశాను. అంతే చెప్పాలి. చెబితే ఆమె ఆ మాట తీసుకుని వదినెల దగ్గరికి పోతుంది. నా మాటను ఎవరూ కాదనరు. అప్పుడు అందరూ అడుగుతారు, మరి పిట్ట ఎందుకు ముట్టలేదు? అందరికీ వాంతులు ఎందుకయ్యాయి? రాయమల్లు కాకపోతే మరేదో ఉండాలి. ఆ మరేదో గిన్నె దగ్గరికీ, గిన్నె నుంచి నా పువ్వుల దగ్గరికీ వస్తుంది. ఈ దారంతా నేను ఆమె కళ్లలోకి చూస్తూనే నడిచొచ్చాను. ఎంతసేపు పట్టి ఉంటుంది? ఒక ఊపిరి తీసి వదిలినంత.

"నేను చూడలే సమ్మక్కా. నా పనిల నేనుంటి," అన్నాను.

"చూడలేదా?"

"చూడలే."

"నీకే కనవడలేదంటే..." అని ఆగింది. గోడ మీది చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

ఇదే నేను ఒప్పుకుంటున్నది. తగరం కాదు. డేగిసా కాదు. ఆ "చూడలే".

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట సమ్మక్క ఒక పళ్లెంలో అన్నం కలిపి, మామ మంచం ఉన్న చోట, గోడ మొదట్లో పెట్టడం మొదలుపెట్టింది. పక్కన చెంబుతో నీళ్లు. పెట్టి ఎదురుగా గొంతుక్కూర్చునేది. కాకి ముట్టినా, కోడి ముట్టినా, కుక్క ముట్టినా అప్పుడు లేచి తాను తినేది. ఏదీ ముట్టని రోజు తినేది కాదు. ఆమె మొహంలో ఎముకలు తేలడం నేను నెలనెలా చూశాను. నేను చూడని మనిషిని కదా, అయినా చూశాను.

ఆపైన ఆ చప్పుడు.

కొండెంగలు నా రాగి పువ్వులను తినలేక కేసరాలను పట్టుకుని వంచేవి. అటూ ఇటూ వంచి, ఆ కిరకిర విని, తలలు పక్కకు వాల్చి మళ్లీ వంచేవి. వాటికీ ముచ్చటేనేమో. అవి పోయాక కేసరాలు వంకరగా వేలాడేవి. వంకర నేను చూడలేను. ఒక్కొక్కటే నిటారుగా సరిచేసేదాన్ని. నా వేళ్ల కింద కూడా తగరం అదే చప్పుడు చేసేది.

ఒక మిట్టమధ్యాహ్నం అలా సరిచేస్తున్నాను. గాలి లేదు. వాడకట్టులో అలికిడి లేదు. కేసరం కిరకిరమంది. గోడ అవతల నుంచి, చాలా దగ్గరగా, నేలకు దగ్గరగా సమ్మక్క గొంతు వినిపించింది.

"వస్తున్న మామా. పండ్లు కొరుక్కోకు. వస్తున్న."

ఆమెకు ఆకలితో పళ్లు నూరుతున్న ముసలాయన వినిపిస్తున్నాడు. పరుగున లోపలికి పోయి పళ్లెం తెచ్చి పెట్టిన చప్పుడు. "తిను, తిను," అంటోంది. కేసరం ఇంకా నా వేళ్ల మధ్య సగం వంగే ఉంది. వదిలితే చప్పుడు, సరిచేస్తే చప్పుడు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. నాకు తెలియని లెక్క అదొక్కటే.

ఆ రోజే వాటిని పీకేయాల్సింది. పీకితే ఎందుకు పీకావని ఆడవాళ్లు అడుగుతారని పీకలేదు. మర్నాడు వంకరగా ఉన్న కేసరాలను అలాగే వదిలేద్దామనుకున్నాను. సాయంత్రం దాకా ఆగి, సరిచేశాను. అవును, చేశాను. ఆమె వింటుందని తెలిసీ చేశాను. వంకర కేసరం నా కంటికి అంత కష్టమైందా, ఆమె ఉపవాసం కంటే? కొన్ని రోజులు చప్పుడు రాకుండా మెల్లగా వంచడానికి ప్రయత్నించాను. మెల్లగా వంచితే తగరం ఇంకా ఎక్కువసేపు ఏడ్చేది.

మూడో ఏడు సమ్మక్కను అన్నదమ్ములు వచ్చి బామ్ని తీసుకుపోయారు. భర్త చెడ్డవాడు కాదు. ఏమీ అనలేదు, ఆపనూ లేదు. ఆమె పోయిన మర్నాడు నేను తొమ్మిది కేసరాలనూ పీకి కొంగులో కట్టుకుని ప్రాణహిత దగ్గరికి పోయి నీళ్లలో వేశాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు.

అప్పటి నుంచి చెప్పడానికి ఎన్ని సందులు దొరికాయో మీరే ఊహించుకోండి. వదినెలు పోయారు. మల్లవ్వ పోయింది. భయపడాల్సిన వాళ్లు ఒక్కొక్కరే పోతుంటే భయం తగ్గాలి కదా. తగ్గలేదు. పోయిన చలికాలంలో ఆటో మాట్లాడుకుని బామ్ని పోయాను.

సమ్మక్క తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి చాప వేసింది. నేను ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్లీ చెప్పలేనని. తగరం, డేగిసా, చారు, కాకి ముక్కు రుద్దుకోవడం, నాగేపల్లి, కేసరాల చప్పుడు, గోడ దగ్గర నేనాడిన అబద్ధం. ఆమె చేటను కదిలిస్తూనే వింది. అయిపోయాక నా మొహం వైపు చూసింది. కోపం లేదు. తిడుతుందేమోనని పోయాను. తిడితే బాగుండునని పోయాను.

"నువ్వు అప్పుడు చూడలేదంటివి గదక్కా," అంది.

"అబద్ధమాడిన సమ్మక్కా."

"నువ్వు అబద్ధమాడవు. ఊరందరికెరుకే." చిన్నగా నవ్వింది. "ముసలోళ్లమైనం. నీకు గూడ యాదిమరుపొచ్చింది. నా మీద ప్రేమతోని, పావురంతోని గిట్ల కల్పించి చెప్తున్నవ్."

ఎన్నిసార్లు చెప్పినా అదే. నా మాట మీద ఆమెకు అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనే అన్నేళ్లు కూడబెట్టాను, ఒక్క తప్పూ పోకుండా.

మధ్యాహ్నమైంది. ఆమె లేచి పళ్లెంలో అన్నం కలిపి తెచ్చి గోడ మొదట్లో పెట్టింది. నన్ను మాట్లాడవద్దని వేలు పెదవి మీద పెట్టుకుంది. ఇద్దరం కూర్చున్నాం. అక్కడ నా పువ్వులు లేవు. కేసరాలు ఎప్పుడో నది అడుగున కూరుకుపోయి ఉంటాయి. అయినా నూకలు నలిగినట్టు ఒక సన్నటి చప్పుడు నాకు వినిపించింది. ఇంట్లో ఎవరో బియ్యం నములుతున్నారేమో. అడగలేదు. సమ్మక్క తల ఊపుతూ, "వస్తున్న," అంది.

నమ్మాల్సిన మనిషి నమ్మలేదు కాబట్టి మీ దగ్గరికి వచ్చాను. మీరు నన్ను ఎరగరు. నేనెప్పుడూ తప్పు చెప్పనని మీకు ఎవరూ చెప్పలేదు. అందుకని మీరు నమ్మవచ్చు. ఆమె అడిగినదానికి జవాబు ఇది.

ఆ ఎండాకాలమంతా సమ్మక్క మామకు పెట్టింది. ఆకుకు పోయే రోజుల్లో చీకటి విడవకముందే లేచి జావ కాచి, ఊది ఊది చల్లార్చి తాగించి, తడిగుడ్డ ఆయన ఛాతీ మీద పరిచి పోయేది. తిరిగొచ్చి తాను మొహం కూడా కడుక్కోకుండా అన్నం మెత్తగా పిసికి పెట్టేది. ఆయన ఒకసారి ముద్దను ఆమె మొహం మీదే ఉమ్మాడు. ఆమె ఆ మెతుకులు తుడుచుకోకుండా, బొట్టు పెట్టుకున్నట్టు నొసటి మీద అద్దుకుని ఆయనను నవ్వించింది. నవ్వుతూ నోరు తెరిస్తే ఇంకో ముద్ద పెట్టింది. చివరి రోజు కూడా పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడు. మూడోదానికి చేయి అడ్డం పెట్టి, కడుపు మీద తట్టుకుని చూపించాడు, నిండిందని. ఆమె ఆ ముద్దను తాను తినేసింది.

గోడకు ఇవతల నిలబడి, పువ్వులకు రాగి ఆకులు కత్తిరిస్తూ, నేను ఇదంతా చూశాను.